సవరణ: వైట్ బెల్ట్ రౌండు 5 నిమిషాలే

హనుమకొండలో మాతో ప్రాక్టీస్ చేసే తమ్ముళ్ల కోసం మొన్న పెట్టిన జియు-జిట్సు (నేల మీద పట్లు పట్టే కుస్తీ లాంటి ఆట) ప్లాన్‌లో, పెద్దల వైట్ బెల్ట్ (మొదటి స్థాయి) మ్యాచ్ 6 నిమిషాలని రాశాను. తప్పు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) రూల్స్‌లో అది 5 నిమిషాలు. 6 నిమిషాలు దాని పైదైన బ్లూ బెల్ట్‌కు. టైమర్ మార్చుకోండి.

ఇంకోటి, ఇదే అసలు ముఖ్యం. మౌంట్ (వెల్లకిలా పడ్డ మన మీద ఎదుటివాడు ఎక్కి కూర్చోవడం) నుంచి తప్పించుకోవడం వందసార్లు చేయమన్నాను. పైనున్నవాడు ఊరికే కూర్చుంటే వందసార్లు చేసినా లాభం లేదు. వాడు మెల్లమెల్లగా నిజం బరువు వేయాలి. మీరు మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుం పక్కకు జరిపి, మోకాలు లోపలికి దూర్చాలి. మోచెయ్యి దూరం జరిగిందా, ఆ చెయ్యి వాడికి దొరికినట్టే. 3 నిమిషాలు ఇదొక్కటే చేయండి, బయటపడగానే మళ్లీ మౌంట్ నుంచే మొదలు. మెడ కండరం పట్టేస్తే మాత్రం ఆ రోజుకు ఆపేయండి.