‘హోటల్ రువాండా’: ధైర్యాన్ని ఒక్కరి ఖాతాలోనే వేయవద్దు

టెర్రీ జార్జ్ తీసిన ‘హోటల్ రువాండా’ (2004) సినిమాను నిన్న రాత్రి మళ్లీ చూశాను. ఒక్క మనిషి, ఒక హోటల్ మేనేజరు, తన హోటల్లో 1,268 మందిని దాచి కాపాడిన కథగా దీన్ని పరిచయం చేయడం మనకు అలవాటైపోయింది. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. ఇకపై ఆ మాట మానుకుందామని నా మనవి.

1994 ఏప్రిల్ నుంచి జూలై వరకు, సుమారు 100 రోజుల్లో, ఆఫ్రికా దేశమైన రువాండాలో దాదాపు 8 లక్షల మందిని చంపేశారు. చనిపోయినవారిలో అత్యధికులు అక్కడి మైనారిటీ జాతి అయిన టుట్సీలు; చంపినవారు మెజారిటీ హుటు జాతిలోని తీవ్రవాదులు. బెల్జియం పాలకులు 1930లలో తెచ్చిన గుర్తింపు కార్డు మీద జాతి పేరు ఉండేది కాబట్టి, రోడ్డుకు అడ్డంగా కత్తులతో నిలబడ్డవాళ్లకు ఎవరిని చంపాలో తేల్చుకోవడానికి ఆ కార్డు ఒక్కటే చాలు.

సినిమాలో డాన్ చీడిల్ పోషించిన హోటల్ మేనేజరుకు ఆయుధం పట్టడం రాదు. ఏ అధికారికి ఏ మద్యం ఇష్టమో, ఎవరిని ఎలా పొగడాలో, ఎవరి చేతిలో ఎంత పెట్టాలో మాత్రం బాగా తెలుసు. ఇన్నాళ్లూ కొలువు కోసం వాడిన ఆ నేర్పునే ఇప్పుడు ప్రాణాల కోసం వాడతాడు. ఒక తెల్లవారుజామున పొగమంచులో వ్యాను గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంటే, దారి తప్పామనుకుని దిగి చూస్తాడు. చక్రాల కింద ఉన్నవి శవాలు. హోటలుకు తిరిగొచ్చి, బట్టలు మార్చుకుని, టై కట్టుకోబోతే ముడి పడదు. మళ్లీ కడతాడు, మళ్లీ పడదు; చివరికి చొక్కా చించుకుని నేల మీద కూలబడి ఏడుస్తాడు. ఈ సన్నివేశం నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

అయితే ఆ పాత్రకు మూలమైన పాల్ రుసెసబగినా గురించి, ఆ హోటల్లోనే తలదాచుకుని బతికినవారిలో కొందరు వేరే మాట చెప్పారు: గదులకు డబ్బు వసూలు చేశాడని, తాము బతకడానికి వేరే కారణాలున్నాయని. రువాండా ప్రభుత్వాన్ని విమర్శిస్తూ వచ్చిన ఆయనకు 2021లో ఉగ్రవాద కేసులో 25 ఏళ్ల శిక్ష పడింది, 2023లో విడుదలయ్యారు. ఈ వివాదంలో రాజకీయం కూడా ఉందని నేను నమ్ముతాను, అయినా బతికివచ్చినవారి మాటను పక్కన పెట్టే హక్కు మనకు లేదు.

పైగా ప్రాణాలు కాపాడినవారు ఇంకా ఉన్నారు. ఎంబాయె డియాన్ సంగతే చూడండి. సెనెగల్ కెప్టెన్ అయిన ఆయన ఐక్యరాజ్యసమితి పరిశీలకుడిగా, ఆయుధం లేకుండా రాజధాని కిగాలీలో ఉన్నారు. హత్యకు గురైన ప్రధాని అగాథె ఉవిలింగియిమానా పిల్లలను దాచి కాపాడారు. భద్రతామండలి ఏప్రిల్ 21న శాంతిసేనను 270 మందికి కుదించాలని తీర్మానించిన తరువాత కూడా, చెక్‌పోస్టుల దగ్గర జోకులు చెప్పి, సిగరెట్లు పంచి, కొద్దికొద్దిమందిగా ప్రజలను జీపులో దాటించారు. మే 31న అలాంటి ఒక చెక్‌పోస్టు దగ్గరే మోర్టార్ గుండు పేలి మరణించారు. సినిమాలో ఆయన పేరు వినిపించదు.

అందుకే ఈసారి చూసేటప్పుడు విదేశీ అతిథులు బస్సెక్కే సన్నివేశం దగ్గర కాస్త ఆగండి. జోరున వాన కురుస్తుంటుంది. వెళ్లిపోతున్న విలేకరి తల మీద హోటల్ ఉద్యోగి ఒకరు గొడుగు పడతాడు, వద్దు, సిగ్గుగా ఉందంటాడు ఆ విలేకరి. నేను ఈసారి చూసింది ఆ గొడుగు పట్టిన మనిషిని.