సంతకం దగ్గర గుర్తొచ్చేవి కెమెరా ముందు గుర్తురావా?

కీళ్ల మార్పిడి ఆపరేషన్‌కు ముందు రోగి చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టిస్తారు. ఇన్‌ఫెక్షన్ రావచ్చు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు, నొప్పి పూర్తిగా తగ్గకపోవచ్చు అని అందులో స్పష్టంగా ఉంటుంది. అలా సంతకం తీసుకునే ఆసుపత్రులే ఆన్‌లైన్‌లో పెడుతున్న చాలా వీడియోల్లో వీటి ఊసే లేదు. మర్నాడే వరండాలో నడుస్తున్న రోగి, వెనకాల హుషారైన సంగీతం, చివర్లో అపాయింట్‌మెంట్‌కు ఫోన్ నంబరు. అంతే.

భయంతో ఉన్న రోగికి వీడియో ధైర్యమిస్తుందని, చదవలేనివారికీ అర్థమవుతుందని వైద్యులు అంటున్నారు. కాదనం. కానీ ‘నెట్‌లో చూసినవి నమ్మొద్దు’ అని రోగిని మందలించి, అదే నెట్‌లో సగం నిజం వదలడాన్ని ఏమనాలి? ద్వంద్వ నీతి అనే అనాలి.

మర్నాడే నడిపించడం అబద్ధం కాదు. చాలాచోట్ల ఆపరేషన్ రోజే నిలబెడుతున్నారు కూడా. ఆ తర్వాత వారాల తరబడి పళ్ల బిగువున మోకాలు వంచడం, నిద్రలేని రాత్రులు, పూర్తిగా కోలుకోవడానికి ఏడాది దాకా పట్టడం మాత్రం తెర మీదకు రావు. మోకాలి మార్పిడి చేయించుకున్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఫలితంతో తృప్తి పడటం లేదని పరిశోధనలు ఎన్నోసార్లు చెప్పాయి. ఆ ఐదో మనిషి ఏ వీడియోలో కనిపిస్తున్నాడు? పోనీ, ఉన్న నిజం చెప్పుకోలేనంత చేదుగా ఉందా అంటే అదీ లేదు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం, తుంటి మార్పిడుల్లో 58 శాతం పాతికేళ్లు నిలుస్తున్నాయి. ఇంత మంచి మాట చేతిలో ఉండగా ‘జీవితాంతం గ్యారంటీ’ అని ఊదరగొట్టడం దేనికి?

వ్యాయామాల వీడియోలతో ఇంకా ప్రమాదం. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ ఎప్పుడూ అలాగే పడుకుంటే కాలు పూర్తిగా చాపుకోవడం కష్టమవుతుంది. ఫిజియోథెరపిస్టు రోజూ పోరి చెప్పే ఈ మాటను ఎన్ని వీడియోలు చెబుతున్నాయి? తుంటి విషయంలో, కోత ముందు నుంచా వెనక నుంచా అన్నదాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి. అదేమీ అడగకుండా అందరికీ ఒకటే పాఠం!

ఎవరు రాశారు, ఆధారమేమిటి, ఎప్పటిది, డబ్బు ఎవరిది... నెట్‌లోని వైద్య సమాచారం ఈ నాలుగూ చెప్పాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 1997లోనే సూచించింది. అప్పటికి యూట్యూబ్ పుట్టనే లేదు. ఇన్నేళ్లయినా ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు) కంపెనీతో తనకున్న లావాదేవీలను వీడియోలో చెప్పే సర్జన్ ఎక్కడో గానీ కనిపించడు. వైద్య సదస్సు వేదిక ఎక్కితే మాత్రం అదే సర్జన్ మొదటి స్లైడులోనే ఆ వివరాలు చూపిస్తాడు. తోటి వైద్యులకు చెప్పాల్సింది రోగికి అక్కర్లేదా?

ఇలాంటి వీడియోల కింద ‘పిక్క వాచింది, నొప్పిగా ఉంది, ఏం చేయాలి?’ అని ఎవరో అడుగుతుంటారు. జవాబుగా మళ్లీ ఆ ఫోన్ నంబరే. పిక్క వాచినా, ఊపిరి అందకపోయినా అది రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చని, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలని చెప్పడానికి పది సెకన్లు చాలు. సంగీతానికి దొరికిన ఆ పది సెకన్లు రోగి ప్రాణానికి దొరకలేదంటే, ఆ వీడియోలను ఈరోజే తీసేయండి.