యాంటీబాడీ పాజిటివ్ దగ్గరే ఆగిపోతే ఎలా?

ఒంట్లో సరిపడా రక్తం తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు, తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మూడు వారాల లెక్క వేసుకున్నా ఏడాదికి 17 సార్లు. పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఆ ఒంట్లోకి దాదాపు 300 మంది దాతల రక్తం చేరుతుంది. ప్రతి సంచీనీ పరీక్షించే ఇస్తారు, నిజమే. కానీ మనలో చాలామందికి జన్మలో ఒకటి రెండుసార్లు ఎదురయ్యే ముప్పు ఈ పిల్లలకు నెలనెలా ఎదురవుతుంది.

రక్తం ద్వారా సోకేవాటిలో ఒకటి, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్ (హెచ్‌సీవీ). దాన్ని 1989లో గుర్తించారు. మన బ్లడ్ బ్యాంకుల్లో దాని పరీక్ష తప్పనిసరి అయింది మాత్రం 2000ల ఆరంభంలో. తొంభైల్లో రక్తం ఎక్కించుకుంటూ పెరిగినవాళ్లకు ఆ పాటి కాపలా కూడా లేదు.

ఇప్పుడున్న కాపలాకూ ఒక సందు ఉంది. దాత రక్తానికి చేసే ఎలైజా పరీక్ష వైరస్‌ను వెతకదు. వైరస్ మీద పోరాటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. అవి పరీక్షకు అందేంతగా తయారవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఈలోపు దాత రక్తమిస్తే రిపోర్టు నెగెటివే. వైరస్ జన్యుపదార్థాన్నే పట్టే నాట్ పరీక్ష ఆ రెండు నెలలను కొద్ది రోజులకు కుదిస్తుంది. కానీ దేశంలో అది తప్పనిసరి కాదు. అన్నిటికంటే ముందు, తరచూ రక్తం ఎక్కించుకునేవారికైనా నాట్ చేసిన రక్తమే ఇవ్వాలన్న నియమం రావాలి.

రోగికి చేసే పరీక్ష సంగతి ఇంకో రకం. కనీసం ఏడాదికోసారి యాంటీబాడీ చూస్తారు. పాజిటివ్ అనగానే ఇంట్లో పొయ్యి వెలగదు. నిజానికి ఈ వైరస్ సోకిన నూరు మందిలో 15 నుంచి 45 మందికి మందుల్లేకుండానే అది పోతుంది. యాంటీబాడీ మాత్రం ఏళ్ల తరబడి రక్తంలో ఉంటుంది. అంటే పాజిటివ్‌కు అర్థం ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని మాత్రమే. ఇప్పుడు ఉందో లేదో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెప్పాలి. లివర్ ఎంజైములు చూసి ఊహిద్దామంటే, ఎక్కించిన రక్తంతో పేరుకునే ఇనుము కూడా వాటిని పెంచుతుంది. ఇనుముకు వైరస్ తోడైతే కాలేయం ఇంకా తొందరగా గట్టిపడుతుంది. అందుకే ఇక్కడ ఆలస్యం ఖరీదైనది.

పాత రోజుల్లో ఈ వైరస్‌కు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో పాటు వాడిన రైబవిరిన్ మందు ఎర్ర రక్తకణాలను పగలగొట్టేది. అసలే రక్తం నిలవని పిల్లలకు ఇంకా రక్తం ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు సోఫోస్‌బువిర్ ఆధారిత మాత్రలు 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. ఇంత వెసులుబాటు ఉన్నాక కూడా ఒక బిడ్డ ఫైలు యాంటీబాడీ రిపోర్టు దగ్గరే ఆగిపోయిందంటే ఆ తప్పు తల్లిదండ్రులది కాదు.

నయమయ్యాకా ఇదే చిక్కు. యాంటీబాడీ అలాగే ఉంటుంది గనక ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేసినా పాజిటివే వస్తుంది. రక్తం ఎక్కించడం ఆగదు గనక వైరస్ తిరిగి సోకే ముప్పూ ఉంటుంది. అలాంటివారికి ఏటా చేయాల్సింది ఆర్‌ఎన్‌ఏ పరీక్షే. ఫైలు మీద ఎర్ర సిరాతో 'హెచ్‌సీవీ పాజిటివ్' అని రాసి వదిలేయకుండా, యాంటీబాడీ ఎప్పుడు బయటపడిందో, చికిత్స ఎప్పుడు ముగిసిందో, చివరి ఆర్‌ఎన్‌ఏ ఫలితం ఏమిటో తేదీలతో సహా మొదటి పేజీలోనే రాయాలి.