లైన్‌లో నిలబడమంటారా? ముందు ఆ లైన్ లెక్క చూడండి

అమెరికా గ్రీన్ కార్డుల లైన్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ఈ నెల వీసా బులెటిన్ వచ్చింది. అందులో ఈబీ-2 (పై చదువులు చదివిన ఉద్యోగుల కోటా) ఇండియా తేదీ ఇంకా పదేళ్ళకు పైగా వెనకే ఉంది, అంటే పదేళ్ళ కిందట లైన్‌లో చేరినవాళ్ళకే ఇంకా వంతు రాలేదు. దాని మీద మనవాడే ఒకాయన "రూల్స్ అందరికీ సమానమే, లైన్‌లో నిలబడాలి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఏం సమానం? 1990 చట్టం ఉద్యోగాల కోటా కింద ఏడాదికి 1,40,000 గ్రీన్ కార్డులు పెట్టింది. ఈబీ-2 వాటా 28.6 శాతం, అంటే నలభై వేల చిల్లర. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా 7 శాతమే, అంటే మనకి దాదాపు 2,800. మిగతా దేశాలవాళ్ళు వాడుకోగా ఏమైనా మిగిలితే అది అదనం. భార్యాపిల్లలూ ఇందులోనే! నలుగురున్న ఇంటికి నాలుగు నంబర్లు పోతాయి. ఐస్‌లాండ్‌కీ ఇదే పరిమితి, ఇండియాకీ ఇదే.

ఒకే దేశంవాళ్ళతో నిండిపోకూడదన్న ఆశయాన్ని తప్పుపట్టను. మరి తాత్కాలిక ఉద్యోగ వీసా హెచ్-1బీకి దేశ పరిమితి ఎందుకు పెట్టలేదు? ఆ ఆమోదాల్లో నూటికి డెబ్భై దాకా మనవాళ్ళవే. పనికి రమ్మన్నప్పుడు తలుపులు బార్లా తీసి, ఉండిపోతామంటే కిటికీ చూపిస్తున్నారు. 2019లో అమెరికా దిగువసభ హౌస్ ఉద్యోగ కోటాలో ఈ దేశ పరిమితిని ఎత్తేసే బిల్లు 365-65తో పాస్ చేసింది. 2020 డిసెంబరులో ఎగువసభ సెనేట్ తన రూపంలో పాస్ చేసింది. రెండూ కలవకుండానే ఆ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) గడువు ముగిసిపోయింది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

పెద్దవాళ్ళు ఎలాగో భరిస్తారు. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం మామూలుగా కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే హెచ్-1బీని మూడేసి ఏళ్ళు పొడిగించుకోవచ్చు. పిల్లల గతేంటి? 21 నిండితే తల్లిదండ్రుల హెచ్-1బీ మీద వచ్చే హెచ్-4 పోతుంది, వాళ్ళతోపాటు రావాల్సిన గ్రీన్ కార్డూ పోతుంది. గ్రీన్ కార్డు కోసం పిల్లల వయసు తగ్గించి లెక్కించే చట్టం సీఎస్‌పీఏ కాపాడుతుందిగా అంటారు. అది వయసులోంచి తీసేసేది ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజుల్నే. త్వరగా తేల్చమని ప్రీమియం ఫీజు కట్టి పదిహేను పనిదినాల్లో అప్రూవల్ తెచ్చుకున్నారా, మీ పాపకి కలిసొచ్చేది ఆ మూడు వారాలే! ఆ తర్వాత పన్నెండేళ్ళు ఎదురుచూసినా ఒక్క రోజు కూడా తగ్గించరు. బులెటిన్‌లో ముందుగానే అప్లై చేసుకోనిచ్చే ఫైలింగ్ తేదీల చార్ట్‌తో కొందరైనా గట్టెక్కేవాళ్ళు, 2025 ఆగస్టు 15 నుంచి పిల్లల వయసుకి ఫైనల్ యాక్షన్ తేదీనే (గ్రీన్ కార్డు నిజంగా చేతికిచ్చే తేదీ) లెక్కలోకి తీసుకుంటున్నారు.

21 దాటాక ఆ పిల్లలు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కి మారాలి. మూడేళ్ళప్పుడు వెళ్ళి అక్కడే అక్షరాలు దిద్దిన పిల్ల, చదువవగానే ఇండియాకి తిరిగెళ్తానని అధికారిని నమ్మించాలి. ఇక్కడ ఆమెకి ఇల్లెక్కడుంది? ఎవరున్నారు?

ఐ-140 వేసిన రోజు పిల్లల వయసెంతో అంతటితో ఆపేయండి. దేశ కోటా ముట్టుకోనక్కర్లేదు, 1,40,000 పెంచనక్కర్లేదు. ఇదొక్కటి చేయడానికి కూడా అమెరికా పాలకులకి మనసు రావడం లేదు.