తల్లికి మనాది ఉంటే పిల్ల కాపురం నిలబడదా?

"తల్లి డిప్రెషన్‌లో ఉన్న ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకోకండి. ఆ జబ్బు రక్తంలో దిగుతుంది. మూడేళ్లలోపు తల్లి ప్రేమ అందని పిల్ల కాపురం నిలబెట్టలేదు. దూరంగా ఉండటమే మందు." శ్రీకాకుళం, విజయనగరం సంబంధాల గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. దీన్ని నమ్మి మాట్లాడుకున్న సంబంధాలు వదులుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి.

రక్తం సంగతి. కవలల మీద జరిగిన పరిశోధనల్లో డిప్రెషన్‌కి వంశపారంపర్యం వాటా సుమారు 40 శాతమేనని తేలింది. తల్లికి ఉంటే పిల్లలకు ముప్పు పెరుగుతుంది, ఖాయం కాదు. పైగా కొడుకులదీ అదే రక్తం. అబ్బాయి తల్లి గురించి మెసేజ్‌లో ఒక్క ముక్కా లేదు.

మూడేళ్ల మాటలో కొంత నిజముంది. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా శాస్త్రవేత్త తల్లుల్ని కాసేపు బిడ్డ ఎదుట ముఖం కదపకుండా కూర్చోమన్నాడు. బిడ్డ నవ్వి, చేతులు చాచి, ఎంతకీ పలకకపోతే ముఖం తిప్పేసుకుని ఏడ్చింది. నెలల తరబడి అదే సాగితే పిల్లలు అడగడమే మానేస్తారు. అయితే తల్లి మళ్లీ పలికితే బిడ్డ మెల్లగా దారికి రావడం కూడా ఆ ప్రయోగంలోనే కనిపించింది.

ఉద్దానం తీరంలో నాకు తెలిసిన ఇల్లొకటుంది. తండ్రి చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్‌లో ఉండేవాడు. తల్లి గోడవైపు తిరిగి పడుకుంటే, పదేళ్ల పిల్ల గంజి వార్చి తమ్ముడికి అన్నం పెట్టేది. అమ్మ ముఖం చూసి ఆ పూట ఎలా గడుస్తుందో పోల్చుకునేది. ఇప్పుడు పెళ్లయినా, భర్త మాట్లాడకుండా కూర్చుంటే తనేం తప్పు చేసిందోనని వణికిపోతుంది. ఈ గాయాన్ని నేను కాదనను. కానీ ఆ సంగతి అతనితో చెప్పుకుంది. "కోపం కాదే, ఒళ్లు అలిసిపోయింది" అని అతను ముందే చెప్పడం అలవాటు చేసుకున్నాడు. కాపురం చక్కగా సాగుతోంది. ఆమె చిన్నప్పుడు పక్కింట్లో అమ్మమ్మ ఉండేది. బడి నుంచి రాగానే జడ వేస్తూ కబుర్లడిగేది. అలా నమ్మకంగా పట్టుకోడానికి ఒక్క మనిషి దొరికినా పిల్లలు చాలావరకు నిలదొక్కుకుంటారు. ఆ అమ్మమ్మ మెసేజ్ రాసినవాళ్ల లెక్కలోకే రాలేదు.

ఇక దూరంగా ఉండటమే మందనడం అన్నిటికన్నా అన్యాయం. ఈ జబ్బుకు అసలు మందుంది. మూడు నెలల చికిత్సతో తల్లులు కోలుకుంటే పిల్లల మానసిక సమస్యలూ తగ్గాయని 2006లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపి మాట్లాడించారు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు ఆ తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్లిన ఊళ్లలో 53 శాతం. 2008లో వచ్చిన ఫలితాలివి.

ఇలాంటి మెసేజ్‌లకి భయపడి మా వైపు కొందరు జబ్బు దాస్తున్నారు. పెళ్లిచూపుల ముందు అమ్మ చేత మాత్రలు మాన్పించిన ఇళ్లున్నాయి. డాక్టరుని అడక్కుండా ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆ దెబ్బ మళ్లీ ఇంట్లో పిల్లల మీదే పడుతుంది. దయచేసి ఆపకండి. ఊళ్లో ఎవరైనా చూస్తారని బెరుకైతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది. రాత్రైనా పగలైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.