గోడలో పైపు జోలికి పోవద్దు

ఇంట్లో కుళాయిల, నీళ్ల పైపుల చిన్న లీకులు ప్లంబర్ లేకుండా మనమే సరిచేసుకోవచ్చని ఒకరు రాశారు. కుళాయి వాషర్ వరకైతే సరే. మా తిరుపతిలో బోరునీళ్లు వాడే ఇళ్లలో పాత కుళాయి మరలకి తెల్లగా ఉప్పు పేరుకుని బిగుసుకుపోయి ఉంటుంది. రెంచి పెట్టి బలంగా తిప్పారా, గోడలోని ఎల్బో (పైపు మలుపు దగ్గర వేసే ముక్క) పగులుతుంది, ఇక టైల్స్ కొట్టాల్సిందే.

ప్లంబర్‌ని పిలిచినా రేటొక్కటే అడిగితే చాలదండీ. గీజర్ లైనుకి వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేస్తున్నాడా, చన్నీళ్లకి వాడే యూపీవీసీ పైపుతో సరిపెడుతున్నాడా చూడండి. వేడినీళ్లకి రెండోది మెత్తబడుతుంది. జాయింట్లకి అతికించే సొల్యూషన్ పూసిన వెంటనే మోటారు వేయనివ్వకండి, ఆరనివ్వండి. టైల్స్ అతికించకముందే లైన్లో నీళ్లు నిలిపి, లీకు లేదని చూపించమనండి. సగం పనిలో 'రేపొస్తా సార్' అని మాయమయ్యేవాళ్లూ ఉన్నారు కాబట్టి, పూర్తి డబ్బులు అలా చూపించిన తర్వాతే.