బకెట్టుకు అయిదు పాయింట్లు

ఆదివారం మధ్యాహ్నం. కరెంటు లేదు. మే నెల తిరుపతి ఎండ గురించి చెప్పక్కర్లేదు. మా ఆవిడ చిత్తూరులో పుట్టింటికి వెళ్ళింది కాబట్టి హాలు మాదే. మా మేనల్లుడు, వాడి ఇంజినీరింగ్ స్నేహితులు, నేను కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్ళు అందులో పాత్రలవుతారు, ఇరవై ముఖాల పాచిక ఎలా పడితే అలా బతుకో చావో తేలుతుంది. కథ నడిపేవాణ్ని నేను. నలభై దాటాక ఇదేం పని అని అడిగేవాళ్ళు నేరుగా మా ఆవిడతో మాట్లాడుకోవచ్చు. ఇద్దరి అభిప్రాయమూ ఒకటే.

మేనల్లుడి పాత్ర మాంత్రికుడు. వాడు ఆ రోజు ఫైర్ ఎలిమెంటల్‌ని పిలిచాడు. అంటే ప్రాణమున్న మంట. 2014 నాటి ఆట రూల్స్ పుస్తకం ప్రకారం దానికి 102 హిట్ పాయింట్లు, అంటే దాని ఆయుష్షు లెక్క; దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతూ సున్నాకి వస్తే అది పోయినట్టే. నిప్పు, విషం దాన్నేమీ చేయవు. మామూలు కత్తితో కొడితే సగం దెబ్బే తగులుతుంది. అంగుళం సందు దొరికితే చాలు, అవతలికి పోతుంది. దానికి పడనిది నీళ్ళొక్కటే. అదీ ఎంత పిసినారి లెక్కో చూడండి, గ్యాలన్ నీళ్ళు పోస్తే ఒక్క పాయింటు పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పిలిచినవాడి ఏకాగ్రత చెదిరితే అది మాయమైపోదు, వాడి మీదికే తిరగబడుతుంది. మా వాడు సరిగ్గా అప్పుడే ఫోన్ చూశాడు. ఆట రూలు ప్రకారం అది లెక్కలోకి రాదు, నేను వేసుకున్నాను.

వాతావరణం కుదరాలని సాంబ్రాణి కప్పులు వెలిగించాను. గాలి కోసం తలుపు బార్లా తెరిచే ఉంది. నేను లేచి నిలబడి, ఇక చూడండన్నట్టు గొంతు పెంచాను.

"అంటుకుంది! తలుపు వేసినా లాభం లేదు, కింద సందులోంచి బయటికొచ్చేస్తుంది! నీళ్ళు పోసినా ఆరదు! మిమ్మల్ని ఎవ్వరూ కాపాడలేరు!"

ఇక్కడ మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి గురించి కాస్త చెప్పాలి. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఏకైక అధికారం మా వాటర్ ట్యాంకు. పొద్దున గంట వదులుతారు, సాయంత్రం మనసు బాగుంటే అరగంట. మిగతా వేళల్లో అడిగితే "సంపు అడుగంటింది సార్, బోరు నా చేతుల్లో ఉందా?" అంటారు. స్నానం మధ్యలో నురగతో నిలబడి ఆయనకు ఫోన్ చేసినవాళ్ళు మా బ్లాకులో చాలామందే ఉన్నారు. అటువంటి మనిషి, నా అరుపు విన్న రెండు నిమిషాల్లో ఇరవై లీటర్ల పెయింటు బకెట్ అంచుదాకా నింపి, వాచ్‌మన్‌తో చెరో పక్క పట్టుకుని ప్రత్యక్షమయ్యారు. ఆ నీళ్ళు ఎక్కడివి? నా ప్రశ్న అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే.

"యాడ అంటుకునింది?" అన్నారు. ఎవరూ జవాబు చెప్పేలోపు పొగ ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే అక్కడ కుమ్మరించారు. అంటే టేబుల్ మీద. అంటే నేను వారం పాటు రాత్రుళ్ళు కూర్చుని గీసిన మ్యాపు మీద, పాచికల మీద, నా మీద.

గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మా మేనల్లుడు ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ తెరిచాడు.

"మామా, ఇరవై లీటర్లు. గ్యాలన్‌కి 3.785. అంటే 5.28. అయిదు పాయింట్లు తగ్గించు."

"ఆటలో ఎవరూ పోయలేదు కదరా!"

"టేబుల్ మీదే కదా పోశారు. ఎలిమెంటల్ బొమ్మ అక్కడే ఉంది."

వాడి స్నేహితుడు వెంటనే అభ్యంతరం చెప్పాడు. అమెరికా గ్యాలన్ కాదు, బ్రిటిష్ గ్యాలన్ వేయాలట, 4.546 చొప్పున నాలుగే వస్తుందట. ఆట అమెరికాది కాబట్టి గ్యాలనూ అమెరికాదే అని వీడు. పైగా సగం నీళ్ళు మామ బనీను పీల్చుకుంది, అది తీసెయ్యాలి అని ఇంకొకడు. నేను బనీను పిండుకుంటూ తీర్పు చెప్పాను. అయిదు.

"అయితే ఇంకా తొంభై ఏడు ఉన్నాయి" అని వాడు సెక్రటరీ గారి వైపు తిరిగాడు. "ఇంకో ఇరవై బకెట్లు కావాలి అంకుల్."

మంటల గురించి అంతవరకూ వణుకుతున్న మనిషి ఆ మాటతో పూర్తిగా తేరుకున్నారు. "ఇరవై బకెట్లా? యాడుండాయబ్బా నీళ్ళు?"

తర్వాత ఆయన దృష్టి నేల మీద తడిసిన కాగితం మీద పడింది. మా వాడు మంత్రానికి కావాల్సిన వస్తువులు శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన గట్టిగా చదివారు. "గంధకం. భాస్వరం. పిలవడానికి పట్టే సమయం ఒక నిమిషం." వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రెండూ అగ్గిపెట్టెలో ఉంటాయి సార్, గంధకం పుల్ల తలలో, భాస్వరం పక్కన గీసే పట్టీలో, మీ ఇంట్లోనూ ఉన్నాయి అన్నాను. "మా ఇంటి మాట ఎందుకెత్తుతారు?" అన్నారు.

ఈలోగా గడపలో జనం. వాళ్ళందరిలో విషయం అర్థమైంది పై అంతస్తు పెద్దమ్మకు ఒక్కదానికే. వాళ్ళ పల్లెలో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు రోజూ భారతం హరికథ విని, చివరి రోజు నిప్పుల గుండం తొక్కేవాళ్ళను చూస్తూ పెరిగిన మనిషి.

"అగ్నిదేవుడు ఖాండవవనం తింటా ఉంటే ఇంద్రుడు వాన కురిపించలేదా? అర్జునుడు బాణాలతో గొడుగు మాదిరి కప్పేసినాడు. మీ ఆటలో అట్లాంటోడు ఎవురూ లేరా నాయనా?"

"ఉన్నాడు పెద్దమ్మా, విలుకాడు. ఈ రోజు రాలేదు."

"అదీ సంగతి" అని ఆమె సెక్రటరీ గారి వైపు ఇంద్రుణ్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయింది.

రాత్రికి వాట్సాప్ గ్రూపులో రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి, ఫ్లాట్లలో "అనుమానాస్పద పూజలు" నిషేధం. రెండోది, నేటి నీటి వృథా కారణంగా ఈ నెల ట్యాంకర్ ఖర్చులో నా వాటా పెరుగుతుందని. నేను ఒక్కటే అడిగాను, సంపు అడుగంటింది కదా, ఆ బకెట్ ఎక్కడ నింపారు సార్ అని. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలరని వచ్చింది.